సెల్మా చర్చి గుమ్మంలో కాపలా కాసిందెవరు?

అమెరికాలో చిన్న చిన్న వూళ్ళల్లో రోడ్డు పక్కన వొక బోర్డు కనబడుతుంది. ఎపిస్కోపల్ చర్చి మీకు స్వాగతం చెప్తోంది అని దానిమీద రాసి వుంటుంది. మంచి మాటే. కాని "మీకు" అంటే యెవరికి? యీ ప్రశ్న 1965 మార్చిలో అలబామా రాష్ట్రం సెల్మా పట్నంలో సెయింట్ పాల్స్ చర్చి మెట్లమీద తేలిపోయింది. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసి ఆదివారం ఆరాధనకి వచ్చారు. దొంగతనానికి రాలేదు. పాట పాడుకోడానికి, బల్లలో పాలు పుచ్చుకోడానికి వచ్చారు. గుమ్మం దగ్గర సంఘ పెద్దలు అడ్డం నిలబడి వెనక్కి పంపించేశారు.

దేవుడి యింటికి వాచ్‌మెన్ యెందుకు? యెవరు పెట్టారు? వాచ్‌మెన్‌కి జీతమెవరిచ్చారు? యీ చర్చి పుట్టుక దగ్గర్నుంచీ చూస్తేగాని దీనికి జవాబు దొరకదు. "యెక్కడి అమెరికా, యెక్కడి సెల్మా, మనకెందుకయ్యా" అనేవాళ్ళు వుంటారు. యెందుకో చెప్తాను. ఎపిస్కోపల్ అంటే బిషప్పుల కింద నడిచే చర్చి. ఇంగ్లండు రాజుగారి చర్చికి అమెరికాలో పుట్టిన బిడ్డ. అదే తల్లికి మన దేశంలో పుట్టిన బిడ్డల్లో దోర్నకల్ డయాసిస్ వొకటి. 1912లో అజరయ్యగారు బిషప్పయ్యింది ఆ చర్చిలోనే. ఆంగ్లికన్ చర్చికి ఆయనే మొదటి భారతీయ బిషప్పు. 1947లో మిగతా మిషన్లతో కలిసి సి.ఎస్.ఐ. అయ్యిందాకా ఖమ్మం, వరంగల్లు, కృష్ణా పల్లెల్లో మాలమాదిగలకి బాప్తిస్మమిచ్చిన చర్చిల్లో అదొకటి. అంచేత సెల్మా సంగతి మన పెదనాన్న కొడుకు యింటి సంగతి. మాట్లాడే హక్కుంది.

సెల్మా అలబామా నది వొడ్డున వుంది. చుట్టూ నల్లరేగడి. ఆ నేలని బట్టే దాన్ని బ్లాక్ బెల్ట్ అంటారు. నల్లరేగడి అంటే పత్తి. పత్తి అంటే గొడ్డు చాకిరి. ఆఫ్రికా మనుషుల్ని సంతలో కొని తెచ్చి చేయించిన చాకిరి. సెయింట్ పాల్స్ సంఘం 1838లో మొదలయ్యింది. సరిగ్గా ఆ యేడాదే లియోనిడస్ పోల్క్ అనే ఆయన ఆ నైరుతి ప్రాంతానికంతా మిషనరీ బిషప్పుగా వచ్చాడు. యీ పోల్క్ బిషప్పు వందలమంది బానిసలకి యజమాని. తర్వాత అంతర్యుద్ధంలో బిషప్పు అంగీ మీద జనరల్ కోటు తొడుక్కుని బానిసత్వం తరఫున యుద్ధం చేసి 1864లో ఫిరంగి గుండు తగిలి చచ్చిపోయాడు. శిలువ వొక చేత్తో, కొరడా వొక చేత్తో అని మనం వుపన్యాసాల్లో అంటుంటాం గదా, యిక్కడది అలంకారం కాదు. మనిషే వున్నాడు.

దక్షిణ రాష్ట్రాల్లో ఎపిస్కోపల్ చర్చి అంటే పెద్ద రైతుల చర్చి, ప్లీడర్ల చర్చి, బ్యాంకుల వాళ్ళ చర్చి. జనం తక్కువ, ఆస్తి యెక్కువ. బానిసలు కూడా ఆరాధనకి వచ్చేవాళ్ళు, రానిచ్చేవాళ్ళు. రానివ్వడమేమిటి, తోలుకొచ్చేవాళ్ళు! యజమానికి లోబడమనే వాక్యం వాళ్ళకి వినిపించాలి గదా. కూచోడం మాత్రం పైన గ్యాలరీలోనో, వెనకనో. అంటే నల్లవాడు బానిసగా వున్నన్నాళ్ళూ చర్చి తలుపు తెరిచే వుంది. మనిషిగా వచ్చిన రోజునే మూసుకుంది. యిది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

అందరు బిషప్పులూ వొక్కలాంటివాళ్ళని అనడం లేదు. అలబామా మొదటి బిషప్పు కాబ్స్ దేశం చీలిపోకూడదన్నవాడు. 1861 జనవరి 11న అలబామా దేశంనుంచి విడిపోతున్నానని తీర్మానం చేసింది. సరిగ్గా ఆ రోజే ఆయన కన్ను మూశాడు. ఆయన తర్వాత 1862లో వచ్చిన విల్మర్ వేరే బాపతు. బానిస రాష్ట్రాల తిరుగుబాటు చర్చి తనంతట తాను అభిషేకించుకున్న బిషప్పు యీయన వొక్కడే. 1865లో యుద్ధం వోడిపోయారు. ఏప్రిల్‌లో ఉత్తరాది సైన్యం సెల్మా మీద పడింది. ఆ వూళ్ళో తుపాకులు, ఫిరంగులు తయారుచేసే కార్ఖానాలున్నాయి. అవి తగలబడ్డాయి, వూళ్ళో చాలా భాగం తగలబడింది, సెయింట్ పాల్స్ చర్చి కూడా కాలిపోయింది.

తర్వాత విల్మర్ యేం చేశాడో చూడండి. ఎపిస్కోపల్ ప్రార్థన పుస్తకంలో దేశాధ్యక్షుడి కోసం వొక ప్రార్థన వుంటుంది. సైనిక పాలన వున్నంతకాలం ఆ ప్రార్థన చెయ్యక్కర్లేదని తన పాదిరీలకి చెప్పాడు. బానిసల్ని విడిపించిన ప్రభుత్వం కోసం నోరు రాలేదు! సైన్యాధికారి వూరుకోలేదు. 1865 సెప్టెంబరులో బిషప్పునీ పాదిరీలనీ సస్పెండు చేసి, అలబామాలో ఎపిస్కోపల్ చర్చిల తలుపులు మూయించాడు. 1866 జనవరి దాకా ఆ వుత్తర్వు నడిచింది. అప్పుడు వాళ్ళెంత గోల పెట్టారు! ఆరాధన చేసుకునే స్వేచ్ఛ, దేవుడికీ మనిషికీ మధ్య సర్కారు యేమిటి అని. 1865లో తలుపు మూయిస్తే అంత బాధపడ్డ చర్చి, సరిగ్గా నూరేళ్ళకి 1965లో పక్కింటి మనిషి మొహం మీద తలుపు వేసింది.

కాలిపోయిన చర్చిని 1870లలో మళ్ళీ కట్టుకున్నారు. యెర్రయిటుకల గోడలు, రంగు అద్దాల కిటికీలు. యిప్పుడు వూరికి పోయినవాళ్ళు చూసేది ఆ కట్టడమే. బాగుంటుంది, కాదన్ను. కాని ఆ కట్టడాల గురించి రాసే పుస్తకాల్లో నమూనా గీసిన ఆర్కిటెక్టు పేరుంటుంది, కిటికీలు యిచ్చిన కుటుంబాల పేర్లుంటాయి. పత్తి తీసిన చేతుల పేర్లుండవు.

మరి నల్లవాళ్ళు యేమయ్యారు? విడుదల రాగానే గ్యాలరీ దిగి బయటికొచ్చేశారు. వాళ్ళ చర్చిలు వాళ్ళు కట్టుకున్నారు. సెల్మాలో బ్రౌన్ చాపెల్ అనే చర్చి అట్లా పుట్టిందే. అది ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ వాళ్ళది. దాని వెనక వొక పాత కథ వుంది. పద్దెనిమిదో శతాబ్దం ఆఖర్న ఫిలడెల్ఫియాలో సెయింట్ జార్జి మెథడిస్టు చర్చిలో నల్లవాళ్ళు మోకాళ్ళ మీద ప్రార్థనలో వుండగా, కూచోకూడని చోట కూచున్నారని సంఘ పెద్దలు వచ్చి చెయ్యిపట్టి లేపారు. ప్రార్థన అయ్యిందాకా ఆగండన్నా ఆగలేదు. ఆ దెబ్బకి నల్లవాళ్ళంతా లేచి వెళ్ళిపోయారు. వాళ్ళల్లో రిచర్డ్ ఆలెన్ అనే ఆయన వేరే మెథడిస్టు చర్చి పెట్టాడు. 1816లో అదొక స్వతంత్ర సంఘమయ్యింది. అబ్సలోమ్ జోన్స్ అనే ఆయన సెయింట్ థామస్ చర్చి కట్టి 1794లో ఎపిస్కోపల్ వాళ్ళల్లో చేరాడు, వాళ్ళకి మొదటి నల్ల పాదిరీ అయ్యాడు. అయితే యేం లాభం? ఆ సంఘాన్ని డయాసిస్‌లో చేర్చుకున్నారు గాని, డయాసిస్ మహాసభలో వోటు మాత్రం దశాబ్దాల తరబడి యివ్వలేదు. చందా తీసుకుంటారు, వోటివ్వరు. యెక్కడో విన్నట్టు లేదూ?

యిప్పుడు 1965కి వద్దాం. సెల్మా జనం అప్పుడు 28 వేలు. వాళ్ళల్లో సుమారు సగం నల్లవాళ్ళు. వోటు హక్కు కాయితం మీద 1870 నుంచీ వుంది. నమోదు చేసుకోడానికి పోతే ఆఫీసు నెలకి రెండు రోజులే తెరుస్తారు. క్యూలో నిలబెడతారు, రాజ్యాంగం గురించి చిక్కు ప్రశ్నలడుగుతారు, తప్పు చెప్పావు పో అంటారు. ఆ జిల్లాలో వోటు వయసొచ్చిన నల్లవాళ్ళల్లో నూటికి యిద్దరికే వోటుండేది. షెరీఫు జిమ్ క్లార్క్ లాఠీతో తయారుగా వుండేవాడు. ఫిబ్రవరిలో పక్క వూళ్ళో జిమ్మీ లీ జాక్సన్ అనే యువకుణ్ణి పోలీసు కాల్చి చంపాడు. మార్చి 7న ఆరువందలమంది బ్రౌన్ చాపెల్ నుంచి బయల్దేరి రాజధాని మాంట్‌గామరీకి నడిచిపోదామని వంతెన యెక్కితే గుర్రాలతో తొక్కించారు, బాష్పవాయువు వదిలారు, తలలు పగలగొట్టారు. ఆ వంతెన పేరు ఎడ్మండ్ పెట్టస్ వంతెన. పెట్టస్ యెవరు? బానిసత్వం కోసం యుద్ధం చేసిన జనరలు, కు క్లక్స్ క్లాన్ నాయకుడు. మన వూళ్ళల్లో బజార్లకీ బస్టాండులకీ యెవరి పేర్లుంటాయో వొకసారి గుర్తు చేసుకోండి.

మార్టిన్ లూథర్ కింగ్ దేశంలో వున్న పాదిరీలనందరినీ సెల్మాకి రమ్మని పిలిచాడు. పిలుపు విని వచ్చినవాళ్ళల్లో జొనాథన్ డేనియల్స్ వొకడు. తెల్లవాడు, వుత్తరాదిన న్యూ హ్యాంప్‌షైర్‌లో కీన్ అనే వూరివాడు. వయసు యింకా 26 నిండలేదు. మసాచుసెట్స్‌లో ఎపిస్కోపల్ సెమినరీలో పాదిరీ చదువు చదువుతున్నాడు. మరియమ్మ పాట మీకు తెలుసు గదా, గద్దెలమీద వున్నవాళ్ళని కిందికి దించి, కింద వున్నవాళ్ళని పైకెత్తే దేవుడి గురించి ఆవిడ పాడేది. సాయంకాలం ఆరాధనలో రోజూ పాడే పాటే. ఆ పాట వింటుంటేనే పోవాలని తీర్మానించుకున్నానని అతను రాసుకున్నాడు. మన గుళ్ళల్లో ఆ పాట యెన్ని క్రిస్మసులకి పాడామో, యెవడన్నా గద్దె దిగాడా అని యెప్పుడైనా చూశామా?

రెండు మూడు రోజులకని వచ్చినవాడు తిరుగు బస్సు తప్పిపోయి ఆగిపోయాడు. ఆగాక ఆలోచించుకున్నాడు. వచ్చి, ఫోటో దిగి, వెళ్ళిపోతే సెల్మాలో వుండేవాళ్ళ గతేమిటని. తోటి విద్యార్థిని జూడిత్ అప్హమ్, అతనూ కాలేజీలో అనుమతి తీసుకుని మళ్ళీ వచ్చి, వొక నల్ల కుటుంబం యింట్లో దిగారు. వాళ్ళతోనే తిన్నారు, వాళ్ళ పిల్లలకి చదువు చెప్పారు. మన వుద్యమాల్లోకి పట్నంనుంచి వచ్చే మేధావి మిత్రులు కొంతమందికి యీ సంగతి చెప్పాలనిపిస్తుంది. గూడెంలో మీటింగు పెట్టి, రాత్రికి వూళ్ళో లాడ్జీకి పోయేవాళ్ళకి. సరే, అదట్లా వుంచండి.

డేనియల్స్ చేసిన పనుల్లో పత్రికల్లో తక్కువగా రాసిందీ, నాకు అన్నింటికన్నా పెద్దదిగా కనబడేదీ యిది: ఆదివారం ఆదివారం నల్ల పిల్లల్ని వెంటబెట్టుకుని సెయింట్ పాల్స్ చర్చికి పోవడం. వంతెన మీద పోలీసుల్ని యెదుర్కోడం వొక యెత్తు. చర్చిలో తెల్ల పెద్దమనుషుల చూపుల్ని వారం వారం యెదుర్కోడం యింకో యెత్తు. వంతెన మీద కొట్టేవాడు కొడుతున్నానని వొప్పుకుంటాడు. చర్చిలో కొట్టేవాడు నవ్వుతూ, "మా పద్ధతులు మావి, మీరు కొంచెం ఓపిక పట్టండి" అంటాడు.

అసలు ఎపిస్కోపల్ చర్చి పై సభలో అప్పటికే చట్టం వుంది. 1964 అక్టోబరులో వాళ్ళ జనరల్ కన్వెన్షన్ సెయింట్ లూయిస్‌లో జరిగింది. జాతి కారణంగా యెవర్నీ ఆరాధనకి రానివ్వకుండా వుండకూడదని అక్కడ నియమం పాసు చేశారు. మంచిదే. అదే సభలో యింకో తీర్మానం కూడా వచ్చింది. అన్యాయమైన జాతి చట్టాల్ని మనస్సాక్షితో ధిక్కరించేవాళ్ళకి చర్చి మద్దతిస్తుందా అని. అది వీగిపోయింది. న్యూయార్క్ ప్రతినిధిగా వచ్చిన థర్గుడ్ మార్షల్ అది చూసి సభలోంచి వెళ్ళిపోయాడు. 1954లో బడుల్లో జాతి వివక్ష చెల్లదని సుప్రీంకోర్టులో కేసు గెలిచిన ప్లీడరు ఆయన. తర్వాత అదే కోర్టులో మొదటి నల్ల జడ్జి అయ్యాడు.

నియమం పాసయిన 5 నెలలకి సెల్మాలో ఆ నియమాన్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. చట్టం సెయింట్ లూయిస్‌లో వుంది. తలుపు గడియ సెల్మాలో వుంది. గడియ యెవరి చేతిలో వుంటే వాళ్ళదే చట్టం. అంటరానితనం నిషేధ చట్టం మనకి 1955లో వచ్చింది, అత్యాచార నిరోధక చట్టం 1989లో వచ్చింది. హోటలు దగ్గర గ్లాసు కడిగేది మాత్రం డిల్లీ వాళ్ళు కాదు గదా. సెల్మా చర్చిలో కూడా గడియ వున్నది వెస్ట్రీ చేతిలో. వెస్ట్రీ అంటే మన పాస్టరేటు కమిటీ లాంటిది, సంఘ పెద్దలు, సంఘం డబ్బూ ఆస్తీ చూసేవాళ్ళు. ఆదివారం తర్వాత ఆదివారం వీళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడుతుంటే, అయ్యగారు నియమం చూపిస్తుంటే, చివరికి మార్చి నెలాఖరుకి కమిటీ తలవొంచింది. అందరూ వొప్పుకుని కాదు. అంటే తలుపు తెరిచింది కాయితమూ కాదు, మనసు మారడమూ కాదు. గుమ్మంలో నిలబడ్డ కాళ్ళు.

లోపలికి రానిచ్చారు. తర్వాత? వెనక బెంచీలో కూచోబెట్టారు. బల్ల దగ్గరికి అందరూ పోయొచ్చాక ఆఖర్న పొమ్మన్నారు.

యిక్కడ ఆగి ఆలోచించండి. వాళ్ళ చర్చిలో ద్రాక్షారసం వొకటే గిన్నెలోంచి తాగుతారు. మోకరించినవాళ్ళందరికీ వరసగా అదే గిన్నె. నల్లవాడు ముందు తాగితే తర్వాత తెల్లవాడు ఆ గిన్నెకే మూతి పెట్టాలి. యెంగిలి! అందుకని ఆఖర్న. యేసు రక్తమని చెప్పి తాగే గిన్నెలో కూడా మైల వెతికారు. రెండు గ్లాసుల పద్ధతి మన కాఫీ హోటళ్ళల్లోనే పుట్టిందనుకుంటాం. దానికి ప్రపంచమంతటా చుట్టాలున్నారు.

నల్లవాడు బానిసగా వున్నప్పుడు తలుపు తెరిచే వుందన్నాను గదా. 1965లో గొడవ నల్లవాడు చర్చిలోకి రావడం గురించి కాదు. చర్చి వూడ్చే నల్లమనిషిని యే చర్చీ ఆపదు. గొడవల్లా పక్కన కూచోడం గురించి, ముందు తాగడం గురించి. మన దగ్గర గుడి కట్టే కూలీకి గర్భగుడి దాకా పని వుంటుంది, కుంభం పోశాక మాత్రం గడప బయటే. యిదీ అంతే.

యీ పెద్దల వెనక యెవరున్నారు? అలబామా బిషప్పు కార్పెంటర్ వున్నాడు. దుర్మార్గుడని పేరు పడ్డవాడు కాదు, మెత్తని మనిషి, సంస్కారి. 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్‌లో కింగ్ వుద్యమం నడుపుతుంటే, యెనిమిదిమంది తెల్ల మతపెద్దలు పత్రికలో ప్రకటన యిచ్చారు. బయటివాళ్ళు వచ్చి నడిపే యీ వూరేగింపులు తెలివైన పని కాదు, సమయం కాదు, కోర్టుల్లో చూసుకోండి అని. అందులో సంతకం పెట్టిన వాళ్ళల్లో కార్పెంటర్ వొకడు. దానికి జవాబుగానే కింగ్ జైల్లోంచి ఆ పేరుపడ్డ వుత్తరం రాశాడు. సెల్మాలోనూ ఆ బిషప్పు పాట అదే, బయటివాళ్ళు వచ్చి పాడుచేస్తున్నారని. యెవరయ్యా బయటివాళ్ళు? ఆ నేల దున్నినవాళ్ళు తరతరాలుగా అక్కడే వున్నారు. చర్చి పునాది పడకముందునుంచీ వున్నారు. కారంచేడులో, చుండూరులో మన పల్లెలు కదిలినప్పుడు కూడా పెద్దమనుషులు యిదే మాటన్నారు. వూళ్ళో అంతా అన్నదమ్ముల్లా వుంటుంటే బయటివాళ్ళొచ్చి రెచ్చగొట్టారని. మెత్తని మనుషులు చెప్పే యీ మాట, షెరీఫు లాఠీకన్నా యెక్కువ పని చేస్తుంది. లాఠీకి సిగ్గు లేకుండా చేస్తుంది.

ఆగస్టులో డేనియల్స్ పక్క జిల్లా లౌండ్స్‌కి పోయాడు. ఆ జిల్లాలో నూటికి 80 మంది నల్లవాళ్ళు. 1965 మొదట్లో వాళ్ళల్లో వొక్కడికీ వోటు లేదు. వొక్కడికీ అంటే వొక్కడికీ. ఆగస్టు 14న ఫోర్ట్ డిపాజిట్ అనే వూళ్ళో, నల్లవాళ్ళని దొడ్డిదారిన పిలిచి సరుకులమ్మే దుకాణాల ముందు పికెటింగు చేశారు. అరెస్టు చేసి చెత్తలారీలో వేసుకుని హేన్‌విల్ జైలుకి తోలారు. జామీను కట్టడానికి మనుషులొచ్చారు గాని అందరికీ చాలినంత డబ్బు లేదు. తనొక్కడే బయటికి రానన్నాడు డేనియల్స్. అందరితోపాటు ఆరు రోజులు వుండిపోయాడు.

ఆగస్టు 20న వున్నట్టుండి జైలు తలుపు తీసి పొమ్మన్నారు. తీసుకుపోడానికి యెవరూ లేరు. యెండ మండిపోతోంది. నలుగురు చల్లటి సోడా కొనుక్కుందామని దగ్గరున్న చిన్న కొట్టుకి పోయారు. డేనియల్స్, రిచర్డ్ మారిస్‌రో అనే కేథలిక్ పాదిరీ, యిద్దరు నల్ల ఆడపిల్లలు. టామ్ కోల్‌మన్ అనేవాడు తుపాకీ పట్టుకుని కొట్టు గుమ్మంలో నిలబడి వున్నాడు. అక్కడా గుమ్మమే! 17 యేళ్ళ రూబీ సేల్స్ మీదికి తుపాకీ యెత్తాడు. డేనియల్స్ ఆ పిల్లని పక్కకి తోసేసి తను అడ్డం వచ్చాడు. అక్కడికక్కడే ప్రాణం పోయింది. పరుగెత్తుతున్న మారిస్‌రోకి వీపులో తగిలింది. ఆయన బతికాడు.

కేసు నడిచింది. జ్యూరీలో పన్నెండుమందీ తెల్ల మగవాళ్ళు. పాదిరీ పిల్లాడి చేతిలో కత్తి వుందన్నారు, ఆత్మరక్షణ అన్నారు. హత్య కేసు కూడా పెట్టలేదు, అంతకన్నా చిన్న నేరం పెట్టారు. దాంట్లో కూడా సెప్టెంబరు 30న నిర్దోషి అని వదిలేశారు. రూబీ సేల్స్ బెదిరింపులకి లొంగకుండా కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పింది. కోల్‌మన్ 1997లో ముసలివాడై యింట్లో చచ్చిపోయాడు. చుండూరు కేసులో 2014లో హైకోర్టు తీర్పు విన్నవాళ్ళకి దీనిమీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

కాని కథ అక్కడితో ఆగలేదు. లౌండ్స్‌లో నల్లవాళ్ళని జ్యూరీల్లోంచి తప్పించడం చెల్లదని 1966 ఫిబ్రవరిలో ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. నల్లవాళ్ళనే కాదు, ఆడవాళ్ళని కూడా తప్పించకూడదంది. ఆ వాదన రాసినవాళ్ళల్లో పౌలీ మరే అనే నల్ల ప్లీడరు వుంది. 1977లో ఆవిడ ఎపిస్కోపల్ చర్చిలో పాదిరీ అయ్యింది. నల్ల ఆడమనిషికి ఆ అభిషేకం అదే మొదటిసారి.

యింకోటి. ఆ లౌండ్స్ జిల్లాలోనే స్టోక్లీ కార్మైకేల్, జాన్ హులెట్ నల్లవాళ్ళ సొంత పార్టీ పెట్టారు. అలబామాలో డెమోక్రాట్ల యెన్నికల గుర్తు తెల్ల కోడిపుంజు. దాని పక్కన తెల్లజాతి ఆధిక్యం అనే మాట కూడా అచ్చేసేవాళ్ళు. చదువురానివాళ్ళకి గుర్తు కావాలి గదా, వీళ్ళు నల్లచిరుత గుర్తు పెట్టుకున్నారు. కోడిపుంజుని తినేసే చిరుత! 1966లోనే ఓక్లండ్‌లో పుట్టిన బ్లాక్ పాంథర్స్ ఆ గుర్తు యిక్కడనుంచే తీసుకున్నారు. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే వాళ్ళు దళిత్ పాంథర్స్ పెట్టినప్పుడు ఆ పేరు వాళ్ళనుంచి వచ్చింది. డేనియల్స్ నెత్తురు పడ్డ మట్టిలోంచి లేచిన చిరుత మన దాకా నడిచొచ్చింది. 1970లో హులెట్ ఆ జిల్లాకి షెరీఫయ్యాడు.

యిప్పుడు నా తగాదా. ఎపిస్కోపల్ చర్చి డేనియల్స్‌ని హతసాక్షుల పట్టికలో పెట్టింది. ఆగస్టు 14 అతని రోజు. 2006లో బానిసత్వంలో తన పాత్రకి క్షమాపణ అడుగుతూ తీర్మానం చేసింది. 2008లో ఫిలడెల్ఫియాలో అబ్సలోమ్ జోన్స్ కట్టిన సంఘంలోనే పశ్చాత్తాప ఆరాధన పెట్టింది. 2015లో మైకేల్ కరీ అనే నల్ల బిషప్పు మొత్తం చర్చికి పెద్ద అయ్యాడు, 2024 దాకా వున్నాడు. యివన్నీ వుత్త నాటకాలని కొట్టిపారేసేవాళ్ళతో నేను యేకీభవించను. క్షమాపణ అడగని చర్చిలు మన చుట్టూ యెన్ని వున్నాయో తెలిసినవాడికి అడిగిన చర్చి విలువ తెలుస్తుంది. ప్రతి ఆగస్టులో జనం హేన్‌విల్‌కి యాత్ర పోతారు. జైలు దగ్గర్నుంచి కొట్టున్న చోటుకి నడుస్తారు. చివరికి కోల్‌మన్‌ని వదిలేసిన ఆ కోర్టు హాల్లోనే, జడ్జి కూచున్న బల్ల మీదనే రొట్టె, ద్రాక్షారసం పెట్టి సంస్కారం ఆచరిస్తారు. చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

కాని హతసాక్షిని తల్చుకోడం తేలిక. చనిపోయినవాడు కమిటీలో సీటడగడు. తుపాకీ పట్టినవాడు వొక్కడు, అందరూ వేలెత్తి చూపించొచ్చు. గుమ్మంలో నిలబడ్డ పెద్దలెవరు, ఆఖర్న తాగమన్నదెవరు, చూస్తూ పాటల పుస్తకంలో తల దూర్చుకున్నదెవరు? వాళ్ళకి పండగ రోజు లేదు, పాప రోజూ లేదు. సెల్మాలో తెల్లవాళ్ళు 1965లోనే తమ పిల్లలకని వేరే ప్రైవేటు బడి పెట్టుకున్నారు, దానికి కూడా వొక తిరుగుబాటు జనరల్ పేరే పెట్టారు. చాలామంది వూరొదిలి పోయారు. 2020 లెక్కల్లో సెల్మా జనం 18 వేలకి పడిపోయింది, నూటికి 80 మందికి పైగా నల్లవాళ్ళే. 1965 ఆగస్టు 6న వచ్చిన వోటు హక్కు చట్టానికి 2013లో సుప్రీంకోర్టే కోరలు పీకింది. ఆ కేసు వచ్చింది కూడా అలబామానుంచే. యిన్నాళ్ళ తర్వాత కూడా గడియ యెవరి చేతిలో వుందన్న ప్రశ్న తీరలేదు.

మన సంగతి చెప్పకుండా సెల్మా వాళ్ళని తిట్టి వూరుకుంటే అది మోసం. క్రైస్తవుడైతే దళితుడు కాదని 1950 రాష్ట్రపతి వుత్తర్వు మనల్ని గుమ్మంలో ఆపింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి గడియ తీశారు, మనకి తియ్యలేదు. దానికోసం కొట్లాడుతున్నాం, కొట్లాడాలి. కాని నాకు తెలిసిన వూళ్ళల్లో మాలపల్లెలో వొక చర్చి, మాదిగగూడెంలో వొక చర్చి. వొకటే మిషను, వొకటే పాటల పుస్తకం, మధ్యలో వొక బాట. ఆ అయ్యగారు యిక్కడికి రాడు, యిక్కడి పిల్లని అక్కడ చేసుకోరు. నా చిన్నప్పుడు మా గుడికి అవతలి గూడెం ముసలమ్మ వొకావిడ వచ్చేది. తలుపు పక్కన గోడకి ఆనుకుని కూచునేది. యెవరూ పొమ్మనలేదు. యెవరూ ముందుకి రమ్మనా లేదు. బల్ల దగ్గరికి ఆవిడ ఆఖర్నే వచ్చేది. ఆవిడ వినయం గొప్పదని మా అమ్మ చెప్పేది, నేనూ అట్లాగే అనుకున్నాను. సెల్మా సంగతి చదివిందాకా అది వినయం కాదని నాకు తట్టలేదు.

అంచేత వచ్చే నెల మొదటి ఆదివారం బల్లారాధనకి పోయినప్పుడు కొంచెం కళ్ళు తెరుచుకుని చూడండి. ముందు బెంచీల్లో యే యింటిపేర్లవాళ్ళు కూచున్నారు, పాస్టరేటు కమిటీలో యెవరున్నారు, మిషను స్థలం కాయితాలు యెవరి బీరువాలో వున్నాయి, గిన్నె యెవరి దగ్గర మొదలై యెవరి దగ్గర ఆగింది. చూసింది చూసినట్టు రాసి పంపండి. అచ్చేస్తాం. పేరు వద్దంటే వెయ్యం.